హైదరాబాద్ సిటీ నడిమధ్య నుంచి శివారుకి రోజూ వెళ్ళి రావాలంటే ముందు దిగి మారే చోటు చూస్కోండి

ఆఫీసు కోఠీ, ఆబిడ్స్, లక్డీకాపూల్ వైపు, ఇల్లేమో ఘట్‌కేసర్‌లోనో పటాన్‌చెరులోనో హయత్‌నగర్ దాటాకో. కొందరికి దీనికి ఉల్టా, ఇల్లు నారాయణగూడలో, కంపెనీ మేడ్చల్ రోడ్డు మీద. ఎవరైనా సరే మొదట అడిగేది ఒక్కటే, బస్సు మేలా, మెట్రో మేలా, ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ ట్రైన్) మేలా అని. నన్నడిగితే ఆ ప్రశ్న దగ్గరే తేడా కొడతది. ఎందుకంటే సెంటర్‌లో ఎక్కి శివారులో మన గల్లీ ముందు దిగే బండి ఈ ఊళ్ళో చాలా తక్కువమందికి దొరుకుతది, మిగతా అందరూ ఎక్కడో ఒక చోట దిగి ఇంకోటి ఎక్కాల్సిందే, రోజూ ఒళ్ళు హూనం అయ్యేది కూడా బండిలో కూర్చున్నప్పుడు కాదు, ఆ మారే చోట నిలబడ్డప్పుడే. కాబట్టి ముందు మారే చోటు ఖాయం చేస్కోండి, ఏ బండి అన్నది దాన్నిబట్టి దానంతటదే తేలిపోతది.

మారే చోటు మంచిదా కాదా అని ఎట్లా తెలుస్తది? మొదట చూడాల్సింది అక్కడ మీ రెండో బండి మొదలయితదా, లేక ఎక్కడి నుంచో నిండిపోయి వస్తదా అన్నది. మొదలయ్యే చోట అయితే సీటు దొరుకుతది, మధ్యలో అయితే ఫుట్‌బోర్డ్ మీద ఒక కాలు పెట్టే జాగా దొరికితే అదృష్టం. తర్వాత చూడాల్సింది ఎంత నడవాలి, ఎన్ని మెట్లు, రోడ్డు దాటాలా అన్నది, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళు వెళ్ళి రావాల్సి ఉంటే. ఇక మూడోది, అందరూ మర్చిపోయేది, సాయంత్రం ఏడింటికి అదే చోటు ఎట్లా ఉంటది. పొద్దున ఏడుకి ఖాళీగా, చల్లగా, హాయిగా కనిపించిన జంక్షనే సాయంత్రం ఏడుకి జాతర అయిపోతది.

ఇప్పుడు ఒక్కో బండి సంగతి గబగబా చెప్పేస్తా, ఇవి చాలావరకు మీకు తెలిసినవే.

మెట్రోకి మూడు లైన్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ లైన్, జేబీఎస్ (జూబ్లీ బస్టాండ్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్టాండ్) దాకా గ్రీన్ లైన్, మొత్తం కలిపి 69 కిలోమీటర్లు. 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరిలో గ్రీన్ లైన్ తెరవడంతో ఇప్పుడున్న రూపం వచ్చింది. టైముకి వస్తది, ఏసీ, ట్రాఫిక్ లొల్లి లేదు. కానీ ఒకటి గమనించండి, ఈ లైన్ల కొసలన్నీ, అంటే మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, ఒకప్పుడు శివార్లే, ఇప్పుడు నిజమైన శివారు అవి దాటాకే మొదలయితది. మెట్రో ఎక్కడ ఆగిపోయిందో మీ అసలు ప్రయాణం అక్కడ మొదలు అనుకోండి. పైగా ట్రైన్‌కి మూడే కోచ్‌లు, పీక్ టైమ్‌లో ఊపిరాడదు.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్ట్ నుంచి ఉంది, టికెట్ 5 రూపాయల నుంచి మొదలు, ఇంత చవకగా ఊళ్ళో ఇంకేదీ లేదు. లింగంపల్లి, ఫలక్‌నుమా, నాంపల్లి, సికింద్రాబాద్ మధ్య పాత రూట్లు, తర్వాత రెండో దశలో మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ వైపు కూడా వేశారు. దీని గుణం ఏంటంటే ట్రైన్ వచ్చిందా రాజభోగం, రాలేదా ప్లాట్‌ఫారం మీద ఈగలు తోలుకోవడమే. కాబట్టి ఎంఎంటీఎస్ పెట్టుకునేవాళ్ళు మెట్రో లాగా "పోతే ఏదో ఒకటి వస్తదిలే" అని పోకండి, మీ ఆఫీసు టైముకి సరిపడే ఒక ట్రైన్, అది తప్పితే ఎక్కే ఇంకో ట్రైన్, ఈ రెండు టైములు నోటికి రావాలి. పాత రూట్లలో పర్లేదు గానీ మేడ్చల్, ఘట్‌కేసర్ వైపు రోజుకి ఉండేవే కొద్ది ట్రైన్లు, షిఫ్ట్ టైము గట్టిగా ఫిక్స్ అయిన వాళ్ళకి తప్ప అవి పనికిరావు.

ఇక ఆర్టీసీ. ఎక్కడికైనా పోతది, అదే దాని బలం. సిటీ ఆర్డినరీ ప్రతి స్టాపులో ఆగుతది, మెట్రో ఎక్స్‌ప్రెస్ కొన్ని వదిలేస్తది, మెట్రో డీలక్స్ ఇంకొంచెం మెరుగు, ఏసీ ఎలక్ట్రిక్ బస్సులు కొన్ని రూట్లలో ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట, మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సే, మెట్రో ట్రైన్‌తో దానికి ఏ సంబంధం లేదు, మీ మెట్రో కార్డు అందులో చూపిస్తే కండక్టర్ నవ్వుతాడు.

సరే అసలు సంగతికి వద్దాం. ఊళ్ళో మారే చోట్లు.

అమీర్‌పేట గురించి చెప్పకుండా మొదలు పెట్టలేం. రెడ్, బ్లూ లైన్లు కలిసేది ఇక్కడే, ఒక లైన్ కింద, ఇంకోటి పైన. పొద్దున తొమ్మిదిన్నరకి రెడ్ లైన్‌లో వచ్చి రాయదుర్గం వైపు మారేవాళ్ళని చూడండి, డోర్ తెరుచుకోకముందే బ్యాగు ముందుకి వేస్కుని రెడీగా ఉంటారు, తెరుచుకోగానే ఎస్కలేటర్ వైపు పరుగు, ఎస్కలేటర్ దగ్గర ఎడమ పక్క నిలబడేవాడు, కుడి పక్క ఎక్కేవాడు అన్న తేడా ఏమీ ఉండదు, పైన సెక్యూరిటీ అన్న విజిల్ ఊదుతూ పసుపు గీత వెనక నిలబడమని అరుస్తుంటాడు. ఇక్కడ కిటుకు ఒకటే, మీరు ఎక్కే స్టేషన్లోనే, అమీర్‌పేటలో మెట్లు ఏ కోచ్ ఎదురుగా వస్తాయో చూస్కుని ఆ కోచ్‌లో ఎక్కండి. రెండు మూడు రోజులు గమనిస్తే తెలిసిపోతది. ఆ చిన్న పనితో రోజూ ఒక ట్రైన్ ముందు దొరుకుతది. రద్దీ అస్సలు పడనివాళ్ళు మాత్రం ఎనిమిదిన్నర లోపే అమీర్‌పేట దాటేటట్టు చూస్కోండి, వేరే మందు లేదు.

పరేడ్ గ్రౌండ్ దగ్గర బ్లూ, గ్రీన్ లైన్లు కలుస్తాయి, కానీ అవి రెండు వేరే వేరే స్టేషన్లు, మధ్యలో నడవాలి, ఆ నడకకి కొంచెం టైము కలుపుకోండి. ఎంజీబీఎస్‌లో రెడ్, గ్రీన్ కలుస్తాయి, అమీర్‌పేటతో పోలిస్తే ఇక్కడ జనం తక్కువ, ప్రశాంతంగా మారొచ్చు. గ్రీన్ లైన్‌ని చాలామంది పట్టించుకోరు గానీ చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వాళ్ళకి అది వరం, ఎప్పుడు చూసినా నిలబడే జాగా అయితే గ్యారంటీ.

మెట్రో నుంచి ఎంఎంటీఎస్‌కి మారాలంటే బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి ఇవన్నీ నడిచి మారేంత దగ్గర. హైటెక్ సిటీ మాత్రం పేరు చూసి మోసపోవద్దు. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్ ఒక చోట, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ సైబర్ టవర్స్ దగ్గర ఇంకో చోట, మధ్యలో కిలోమీటర్ల దూరం, ఆటో తప్పదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎంఎంటీఎస్ దిగి "ఆఫీస్ ఎక్కడ" అని ఫోన్లో వెతుక్కోవడం ఇప్పటికీ కనిపిస్తది.

బస్సుల విషయంలో సికింద్రాబాద్, కోఠీ రెండూ పెద్ద మాయ. సికింద్రాబాద్‌లో రేతిఫైల్ బస్ స్టేషన్ వేరు, గురుద్వారా దగ్గర స్టాపు వేరు, ఇంకో వైపుకి పోయేవి ఇంకో సందులో ఆగుతాయి. కోఠీలోనూ అంతే, ఉమెన్స్ కాలేజీ వైపు ఆగేవి వేరే. మ్యాప్‌లో సికింద్రాబాద్ అని ఒకటే చుక్క కనిపిస్తది, అక్కడికి పోయాక మీ బస్సు ఇటు పక్క కాకుండా అటు పక్క ఎక్కాలంటారు. ఆర్టీసీ వాళ్ళ గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడొచ్చు, అయినా మొదటిసారి మాత్రం అక్కడ నిలబడే కంట్రోలర్‌ని గానీ రోజూ వచ్చే పల్లీల బండి అన్నని గానీ అడగండి, యాప్ కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. నంబర్ వెనకుండే అక్షరం కూడా పట్టించుకోండి, 218 కోఠీ నుంచి పటాన్‌చెరు అయితే 218డీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి, అట్లాగే 127కే అంటే కొండాపూర్ పోయేది. అక్షరం చూడకుండా ఎక్కితే సగం దారిలో కండక్టర్ "ఇది అటు పోదమ్మా" అంటాడు.

ఒక రూట్ పట్టుకుని మొత్తం లెక్క వేద్దాం, అప్పుడు అర్థమయితది. ఆఫీసు ఆబిడ్స్‌లో, ఇల్లు పటాన్‌చెరు లేదా బీహెచ్ఈఎల్ దగ్గర అనుకోండి. మూడు దారులున్నాయి.

మొదటిది 218 బస్సు, కోఠీలో ఎక్కితే ఎక్కడా మారకుండా పటాన్‌చెరు. వినడానికి బ్రహ్మాండం. కానీ ఈ బస్సు పోయే రోడ్డు చూడండి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మియాపూర్, అంటే దాదాపు మొత్తం దారి మెట్రో రెడ్ లైన్ పిల్లర్ల కిందే. పైన మెట్రో పోతుంటే కింద మీరు ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర కూర్చుని ఉంటారు. మధ్యాహ్నం పూట, సెలవు రోజుల్లో, సీటు దొరికి చెవిలో పాటలు పెట్టుకునే ఓపిక ఉంటే 218 మంచిదే, ఒకసారి ఎక్కితే మళ్ళీ మారే పని లేదు కాబట్టి. ఆఫీసులు వదిలే టైములో మాత్రం వద్దు.

రెండోది నాంపల్లిలో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా పోయి, అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో. మెట్రో భాగం ముప్పావు గంట లోపే అయిపోతది, సాయంత్రం ఎంత ట్రాఫిక్ ఉన్నా అంతే. మియాపూర్‌లో దిగాక ఉంటది అసలు కథ, ట్రైన్‌లో మీతో పాటు దిగిన వాళ్ళందరూ అదే రోడ్డు మీదకి వచ్చి అదే బస్సు కోసం చూస్తుంటారు. వచ్చే బస్సులు సిటీ నుంచి నిండుగా వస్తాయి. కాబట్టి మియాపూర్ మారే చోటుగా పొద్దున బాగుంటది, ఎందుకంటే అక్కడ మెట్రో మొదలయితది, ఖాళీ ట్రైన్‌లో కూర్చుని వస్తారు, సాయంత్రం మాత్రం ఓపిక పరీక్ష.

మూడోది నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి. చందానగర్, నల్లగండ్ల, తెల్లాపూర్, బీహెచ్ఈఎల్ ఈ చుట్టుపక్కల ఇల్లు ఉన్నవాళ్ళకి ఇది తిరుగులేదు, టికెట్ కూడా పది రూపాయల లెక్కలోనే. పొద్దున లింగంపల్లిలో ట్రైన్ మొదలయితది కాబట్టి సీటు ఖాయం. అదే పటాన్‌చెరు అయితే లింగంపల్లి నుంచి మళ్ళీ బస్సు పట్టాలి, అప్పుడు మియాపూర్‌కి దీనికి పెద్ద తేడా ఉండదు. నా సలహా ఏంటంటే పొద్దున ఎంఎంటీఎస్, సాయంత్రం ఆ టైముకి ట్రైన్ ఉంటే ఎంఎంటీఎస్ లేదంటే మెట్రో. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే దారి ఉండాలని ఎక్కడా రాసిపెట్టలేదు.

తూర్పు వైపు లెక్క వేరే ఉంటది. కోఠీ నుంచి ఘట్‌కేసర్ పోవాలి అనుకుందాం. ముందు ఉప్పల్ చేరాలి. బస్సు అయితే అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా నేరుగా, అంబర్‌పేట ఫ్లైఓవర్ 2025లో తెరిచాక కొంచెం నయం. మెట్రో అయితే సుల్తాన్ బజార్‌లో గ్రీన్ లైన్ ఎక్కి ఉత్తరంగా పరేడ్ గ్రౌండ్ దాకా పోయి అక్కడ బ్లూ లైన్‌కి మారి మళ్ళీ తూర్పుకి ఉప్పల్ రావాలి. మ్యాప్‌లో చూస్తే ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు ఉంటది. పగటి పూట బస్సే మేలు, వాన పడ్డ సాయంత్రం, రామంతాపూర్ రోడ్డు ఆగిపోయిన రోజు ఈ చుట్టు తిరుగుడే ముందు చేరుస్తది. ఆఫీసు అమీర్‌పేట, బేగంపేట, సికింద్రాబాద్ వైపు అయితే ఆలోచించే పనే లేదు, బ్లూ లైన్‌లో నేరుగా ఉప్పల్.

ఉప్పల్ మారే చోటుగా ఈ మధ్య బాగుపడింది. 2023లో స్కైవాక్ కట్టారు, మెట్రో స్టేషన్ నుంచి రింగ్ రోడ్డుకి అన్ని వైపులా పైనుంచే పోవచ్చు, లిఫ్టులు కూడా ఉన్నాయి, అంతకు ముందు ఆ జంక్షన్ దాటడం అంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. కిందకి దిగగానే వినిపిస్తది, "బోడుప్పల్ బోడుప్పల్ బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్ ఘట్‌కేసర్". షేర్ ఆటో సంగతి తెలిసిందే కదా, వెనక ముగ్గురు, వాళ్ళకి ఎదురుగా చెక్క మీద ఇద్దరో ముగ్గురో, డ్రైవర్ అన్నకి అటొకరు ఇటొకరు, అంతమంది నిండేదాకా బండి కదలదు. "అన్నా పోతదా" అంటే "పోతది పోతది, ఒక్కరు రావాలె" అంటాడు, ఆ ఒక్కరు వచ్చాక ఇంకొక్కరు. తొందరున్నప్పుడు నిండటానికి దగ్గరగా ఉన్న ఆటో చూసి ఎక్కండి, ఖాళీ ఆటోలో మంచి సీటు చూస్కుని ముందే కూర్చుంటే అక్కడే ఉంటారు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018 నుంచి సాగుతూనే ఉన్నాయి, ఆ రోడ్డు మీద గూగుల్ చెప్పే టైముకి మీ సొంతంగా కొంత కలుపుకోండి. సికింద్రాబాద్ నుంచి అయితే 280 నంబర్ బస్సు ఘట్‌కేసర్ దాకా ఉంది, మెట్రో దిగి ఆటో కోసం కొట్లాడే ఓపిక లేనివాళ్ళు దాన్ని చూడొచ్చు.

హయత్‌నగర్ వైపు కథ చిన్నదే, రెడ్ లైన్‌లో ఎల్బీనగర్, అక్కడ దిగి విజయవాడ హైవే మీద బస్సో ఆటోనో. పండగల ముందు రోజుల్లో మాత్రం ఊళ్ళకి పోయేవాళ్ళంతా సంచులతో అదే రోడ్డు మీద ఉంటారు, ఆ రోజుల్లో ఆఫీసులో గంట ముందే పర్మిషన్ అడగండి. మేడ్చల్ వైపు సికింద్రాబాద్ నుంచి 229 బస్సు, ట్రైన్ టైము కుదిరితే ఎంఎంటీఎస్. రాజేంద్రనగర్, శంషాబాద్ వైపు మెహదీపట్నం మారే చోటు, అక్కడ మెట్రో లేదు కాబట్టి పూర్తిగా బస్సుల మీదే ఆధారం.

డబ్బు లెక్క. మెట్రో టికెట్లు 2025 మేలో పెంచారు, గోల చేస్తే కొంచెం తగ్గించారు, ఆ తర్వాత కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు. కొస నుంచి కొసకి పోయేవాళ్ళకి రానూపోనూ 138, నెలకి 24 పనిదినాలు వేసుకుంటే 3312. దీనికి షేర్ ఆటో ఒక వైపుకి ఇరవై చొప్పున కలిపితే ఇంకో 960. మెట్రో స్టేషన్ దగ్గర మన బండి పెట్టుకుంటే పార్కింగ్‌కి వేరే. ఇదే ఆర్టీసీ పాస్ అయితే 2025 జూన్‌లో పెంచాక కూడా సిటీ ఆర్డినరీ 1400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1600, మెట్రో డీలక్స్ 1800. పాస్ తీసుకునే ముందు మీ శివారు పాస్ పరిధిలోకి వస్తదో లేదో కౌంటర్‌లో అడగండి, కొన్ని ఊళ్ళు గీత అవతల ఉంటాయి. చాలామందికి సరిపోయే మధ్యే మార్గం ఏంటంటే ట్రాఫిక్ ఎక్కువ ఉన్న ముక్కకి మాత్రమే మెట్రో, మిగతాదానికి బస్సు పాస్. ఉదాహరణకి పంజాగుట్ట నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రో, అక్కడి నుంచి బస్సు. అప్పుడు మెట్రో టికెట్ తగ్గుతది, నరకం లాంటి ముక్క తప్పిపోతది.

ఆడవాళ్ళకి లెక్క మొత్తం మారిపోతది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి, అది తీసుకోకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది. డీలక్స్‌లో, ఏసీలో ఫ్రీ వర్తించదు. బస్సు ఫ్రీ అని మెట్రో పూర్తిగా మానేసినవాళ్ళు ఉన్నారు, అది నెలకి మూడు నాలుగు వేలు మిగలడమే కాబట్టి తప్పు పట్టలేం, కానీ ఆ బస్సుల్లో రద్దీ ఎట్లా పెరిగిందో రోజూ ఎక్కేవాళ్ళకి తెలుసు. రాత్రి ఎనిమిది దాటి రావాల్సినవాళ్ళు మారే చోటు ఎంచుకునేటప్పుడు రూపాయి కంటే వెలుతురు చూడండి. స్టేషన్ మెట్ల కిందే ఆటో స్టాండు, టీ కొట్టు, నలుగురు మనుషులు ఉండే చోటు మేలు, పది నిమిషాలు ఆదా అవుతదని చీకటి సర్వీస్ రోడ్డు మీద నిలబడే దారి పెట్టుకోవద్దు.

దారి ఖాయం చేసే ముందు ఒక ట్రయల్ కొట్టండి. ఆదివారం కొట్టి లాభం లేదు, ఆదివారం హైదరాబాద్ వేరే ఊరు. మంగళవారమో బుధవారమో, అది కూడా సాయంత్రం, ఆఫీసు దగ్గర సరిగ్గా మీరు బయటికి వచ్చే టైముకి మొదలు పెట్టి ఇంటి గుమ్మం దాకా. ఫోన్లో టైము నోట్ చేయండి, ఎక్కింది, దిగింది, రెండోది ఎక్కింది. మారే చోట దిగడానికి ఎక్కడానికి మధ్య గ్యాప్ చూడండి, అదే మీ దారి మంచిదో చెడ్డదో చెప్తది. ఆ గ్యాప్ ఇరవై నిమిషాలు దాటితే ఆ మారే చోటు మార్చండి, ముందు స్టేషన్లో దిగడమో తర్వాత స్టేషన్‌కి పోవడమో చేసినా ఒక్కోసారి తేడా వస్తది. ఉదాహరణకి బస్సు నిండుగా వచ్చే స్టాపు కంటే ఒక స్టాపు వెనక్కి నడిచి ఎక్కితే సీటు దొరకడం, ఇది మన ఊళ్ళో అందరూ చేసేదే.

వానాకాలానికి వేరే దారి దగ్గర పెట్టుకోండి. గట్టి వాన పడితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు, మూసీకి వరద వచ్చినప్పుడల్లా మూసారాంబాగ్ పాత వంతెన బంద్ చేసేవాళ్ళు. 2025 సెప్టెంబర్ చివర్లో అయితే మూసీ నీళ్ళు ఏకంగా ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే వచ్చాయి. అట్లాంటి రోజు అందరూ మెట్రో మీద పడతారు, టికెట్ లైన్ మెట్ల దాకా వస్తది. అందుకని మామూలు రోజుల్లో బస్సులో తిరిగేవాళ్ళు కూడా మెట్రో కార్డులో ఒక రెండొందలు వేసి పర్సులో పడేసుకోండి, లేదంటే ఫోన్లోనే క్యూఆర్ టికెట్ తీసుకోవడం ముందే నేర్చుకోండి, వాట్సాప్‌లో కూడా వస్తది. ఎంఎంటీఎస్‌కి రైల్‌వన్ యాప్‌లో టికెట్ తీసుకోవచ్చు. బస్సుకి మాత్రం చిల్లర ఉంచుకోవడమే మంచిది, ఐదొందల నోటు తీస్తే కండక్టర్ మొహం చూడలేం.

ఇల్లు ఇంకా కొననివాళ్ళకి, అద్దెకి వెతికేవాళ్ళకి ఒక మాట. "మెట్రో రెండో దశ మీ ఇంటి ముందు నుంచే సార్" అని బ్రోకర్ చెప్తే నవ్వి ఊరుకోండి. పటాన్‌చెరు, హయత్‌నగర్ వైపు లైన్లు ప్లాన్‌లో ఉన్న మాట నిజమే, కానీ మొదటి దశలో ఉన్న పాతబస్తీ ముక్క, ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వైపు పోవాల్సింది, అదే 2020లో మిగతా లైన్లన్నీ నడుస్తుంటే కూడా మొదలు కాలేదు. ఇప్పుడు నడుస్తున్న బండిని బట్టి ఇల్లు చూడండి. ఫ్లాట్ చూడ్డానికి పోయేటప్పుడు బ్రోకర్ కారులో కాకుండా ఆఫీసు నుంచి బస్సులోనో మెట్రోలోనో పోండి, వాచ్‌మన్‌ని అడగండి, ఇక్కడికి ఆఖరి ఆటో ఎన్నింటికి వస్తది అని.

సెకండ్ షిఫ్ట్ వాళ్ళు ఇంకోటి చూడాలి. మెట్రో పొద్దున 6కి మొదలై రాత్రి 11 ప్రాంతంలో కొస స్టేషన్ల నుంచి ఆఖరి ట్రైన్ బయలుదేరుతది, మీరు అవతలి కొసలో దిగేసరికి పన్నెండు అవుతది, అప్పుడు శివారు బస్సు ఉండదు, షేర్ ఆటో ఉన్నా నిండదు, ఒక్కరే పోవాలంటే అడిగినంత ఇవ్వాలి. ఇట్లాంటివాళ్ళకి కొస స్టేషన్ పార్కింగ్‌లో సొంత స్కూటీ పెట్టుకోవడమే దారి, పెట్టేముందు అక్కడ రాత్రి ఎంతసేపు గేటు తెరిచి ఉంటదో, నెల పాస్ ఉందో లేదో అడగండి.